నోటికి ఉపవాసం

ఈస్టరుకు ముందు క్రైస్తవులు నలభై రోజులు ఉపవాసాలుండే లెంటు మొదలయ్యే బుధవారం పొద్దున, శవపేటికలు చేసే వడ్రంగి ఆ రోజుకు చావుల సంగతి పక్కన పెట్టి, తమ వంటింటికి కొత్త తలుపు బిగిద్దామనుకున్నాడు. ముందురోజు సాయంత్రం తల్లితో పడిన గొడవ మాత్రం మనసులో ముల్లులా గుచ్చుతూనే ఉంది.

"లెంటు పాటించమని బైబిల్లో ఎక్కడుందో చూపించవే," అన్నాడతను.

"ప్రభువు నలభై రోజులు పస్తున్నాడు. నువ్వు ఒక్క పూట ఉండలేవురా, తిండిపోతా!"

"ఆయన ఉన్నాడు గానీ నిన్ను ఉండమన్నాడా? నువ్వు కడుపు మాడ్చుకునే బదులు ఆ నోరు మూసుకుంటే దేవుడు ఎక్కువ సంతోషిస్తాడు."

ఆ మాట ముసలామెకు నిజమేననిపించింది. ఆమె నోటికి వీధి వీధంతా భయపడేది. ఈసారి తిండితో పాటు మాట కూడా మానేస్తానని ప్రభువుకు మాటిచ్చింది. ఉపవాసం సంగతి మనుషులకు తెలియకూడదనీ, తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కోవాలనీ బైబిలు వాక్యంలో ఉంది. అందుకని పొద్దున్నే ఆ రెండూ చేసి, ఉతికిన తెల్లబట్టలు కట్టుకుని, మంచం మీద ప్రశాంతంగా కూర్చుంది.

కోడలు టీ తెస్తే వద్దని చేయి ఊపింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి అత్తగారు టీకి వంక పెట్టని పొద్దు కోడలు ఎరగదు.

"ఏమండీ! అత్తయ్యకు నోరు పడిపోయింది! తెల్లబట్టలు కట్టుకుని కూర్చుంది, రండి!"

వడ్రంగి పరుగెత్తుకొచ్చి తల్లి చేయి పట్టుకున్నాడు. "అమ్మా, ఏదో కోపంలో అన్నానే. ఒక్క మాట తిట్టు."

ఆమె తియ్యగా నవ్వింది. అతను పక్కింటి పిన్నిని కేకేశాడు.

"పోయేముందు ముఖానికి ఇలాగే కళ వస్తుంది," అంది పక్కింటి పిన్ని. "మా ఆయనకూ వచ్చింది."

"బాబాయి బాగానే ఉన్నాడుగా?"

"తర్వాత జ్వరం తగ్గిందిలే. కళ మాత్రం అచ్చం ఇదే."

పాస్టరు గారిని పిలిపించారు. "అమ్మగారూ, ఎవరినైనా క్షమించాలా?" అని ఆయన అడిగితే, నన్నడక్కండి, అంతా పైవాడికి తెలుసన్నట్టు ఆమె వేలు పైకి చూపింది. పైకి పోతున్నానంటోందని ఇల్లంతా గొల్లుమంది.

వడ్రంగి పెరట్లోకి వెళ్లి, తనకు తెలిసిన ఒకే ఒక్క పని మొదలుపెట్టాడు. వంటింటి తలుపుకని దాచుకున్న మంచి చెక్కకు రంపం పెట్టాడు. ఆ చప్పుడు ముసలామె కొన్నేళ్లుగా వింటోంది. ఎప్పుడూ వేరే ఇళ్ల కోసమే. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా పళ్ల బిగువున మాట ఆపుకుంది.

కాసేపటికి కొలత తీసుకోవడానికి కొడుకు లోపలికొచ్చాడు. టేపు తల్లి పాదాల దాకా వెళ్లింది గానీ, అంకె చూడకుండానే దాన్ని కింద పడేశాడు. అతను మోకాళ్ల మీద కూలిపోయాడు.

"ప్రభువా! మా అమ్మ నోరు నేనే మూయించాను. ఒక్క మాట, ఒకే ఒక్క మాట మాట్లాడించు. ఈ లెంటంతా నేను ఉపవాసం ఉంటాను!"

ముసలామె పైకప్పు వైపు చూసి, ఏదో క్షమాపణ అడిగినట్టు కళ్లు మూసుకుంది. తర్వాత పాస్టరు వైపు తిరిగింది.

"విన్నారుగా అయ్యగారూ? మీరే సాక్షి."

కోడలు చేతిలో గ్లాసు జారిపోయింది. కొడుకు తల్లి ఒళ్లో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఏడుపు చాలు గానీ, ఆ పెట్టె ఎవరికీ అమ్మకు," అంది ఆమె అతని తల నిమురుతూ. "కాళ్ల దగ్గర కాస్త వదులుగా పెట్టు."

ఆ ఏడు లెంటులో పస్తులన్నీ కొడుకు ఉన్నాడు, మాటలన్నీ తల్లి మాట్లాడింది.