ఇష్యూ అయిన వెంకటగిరి చీర

ఆ సోమవారం పొద్దున సుందరరావు, అమ్మాజీ వేసుకున్న ప్లానులో ఎక్కడా వంకర లేదు. ఎనిమిదిన్నరకి ఆయన సైకిలెక్కి యూనివర్సిటీ లైబ్రరీకి వెళతాడు. పదిన్నరకి ఆమె తెల్ల వెంకటగిరి చీర కట్టుకుని తార్నాకలో బస్సెక్కుతుంది. పదకొండింటికి లేడీస్ హాస్టల్ మేట్రన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఉద్యోగంతో పాటు క్వార్టరు! మూడేళ్ళుగా ఒకటిన్నర గది వాటాలో, వంటింట్లోకి ఒకరు రావాలంటే ఇంకొకరు బయటికి పోవలసిన కాపురం చేస్తున్నవాళ్ళకి క్వార్టరంటే మాటలా? సుందరరావు ఆ క్వార్టర్ని ఇంకా చూడనైనా లేదు, బీరువా ఏ గోడకి పెట్టాలో మాత్రం నిర్ణయించేశాడు.

బీరువా అంటే ఆయనకి ప్రాణం. అంతకు ముందు కాదు, ఆ శనివారం నుంచి.

సుందరరావు లైబ్రరీలో కేటలాగర్. వచ్చిన ప్రతి పుస్తకానికీ నంబరు వేసి, కార్డు రాసి, ఏ అరలో ఉండాలో తేల్చి చెప్పడం పన్నెండేళ్ళుగా ఆయన పని. అలాంటి మనిషి ఇంటికొచ్చి అమ్మాజీ బట్టలు సర్దే తీరు చూస్తే ఒళ్ళు మండదూ? ఆమెది వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి. చాకలి ఉప్పలమ్మ తెచ్చిన చీరని నాలుగు మడతలు వేస్తుంది, దాని జాకెట్టూ లంగా ఆ మడతల్లోనే పెడుతుంది, ఒక రాత్రి పరుపు కింద ఉంచుతుంది, తెల్లారాక బీరువాలో దొంతర అడుగున పెడుతుంది. కట్టుకునేది మాత్రం పైనుంచి తీస్తుంది. ప్రతి చీరకీ వంతు వస్తుంది, ఇస్త్రీ పెట్టె అవసరమే ఉండదు.

"అడుగుదే కావాలనుకో, పైవన్నీ దించాలి. లైబ్రరీలో పుస్తకాలు ఇలా దొంతర్లు పేరిస్తే నా ఉద్యోగం ఊడుతుంది, తెలుసా?" అన్నాడు సుందరరావు.

"మీ పుస్తకాలకి గంజి పెట్టరు కదండీ" అంది అమ్మాజీ.

ఆయనకి ఆ మాట ఎక్కలేదు. శనివారం మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని, ఇంట్లో బట్టలన్నీ జ్ఞాపకం తెచ్చుకుని, నలభై మూడు కార్డులు రాశాడు. వస్త్రాలకి దశాంశ పద్ధతిలో 677 అని నంబరుంది, చీరలన్నిటికీ అదే వేశాడు. పంచె, ఉత్తరీయం కలిపి రెండు సంపుటాలు. జాకెట్లు, లంగాలు అనుబంధాలు. తువ్వాళ్ళు వారపత్రికలు. చిరిగిన బనీన్లు బైండింగుకి పంపవలసినవి. ఆదివారం ఆ కార్డుల ప్రకారం బీరువా మొత్తం మార్చేశాడు. ప్రతి చీరనీ సన్నగా మడిచి, పుస్తకంలా నిలువుగా నిలబెట్టాడు. గంజి బిరుసుకి అవి బుద్ధిగా నిలబడ్డాయి కూడా. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, ప్రపంచంలో ఇలాంటి బీరువా ఇంకోటి లేదనుకున్నాడు. ఆ మాట నిజమే.

సోమవారం ఆయన చెప్పులు వేసుకుంటుంటే అమ్మాజీ అడిగింది.

"ఏవండీ, నా తెల్లచీర ఎక్కడ పెట్టారు?"

"677. కార్డు చూసుకో."

"కార్డేదీ?"

"ఆఫీసులో నా టేబుల్ మీద, ట్రేలో ఉన్నాయి. సాయంత్రం తెస్తానుగా!"

"చీర పొద్దున కావాలి, కార్డు సాయంత్రమా?"

"రెండో అర, ఎడమనుంచి నాలుగోది. నువ్వేం కంగారు పడకు అమ్మాజీ, ఏది కావాలన్నా నిమిషంలో దొరుకుతుంది" అని ధీమాగా సైకిలెక్కేశాడు.

ఆయనకి తట్టనిదల్లా ఒక్కటే. ఆ కార్డులు ట్రేలో లేవు. కేటలాగర్ టేబుల్ మీద ట్రేలో ఏ కార్డున్నా, సాయంత్రం అయ్యేసరికి దాని నంబరు చూసి కేటలాగు డ్రాయర్లో చేర్చడం అటెండరు దానయ్య డ్యూటీ. ఇరవై ఏళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. శనివారమూ తప్పలేదు.

తొమ్మిదింటికి లైబ్రరీలో బాలస్వామి అనే రీసెర్చి స్టూడెంటు వస్త్రాల డ్రాయరు లాగాడు. అడిక్‌మెట్‌లో రూము తీసుకుని ఉంటాడు, చేనేత మీద థీసిస్ రాస్తున్నాడు, రెండేళ్ళుగా ఆ డ్రాయర్లో కొత్త కార్డు చూసి ఎరగడు. ఆ రోజు ఒకేసారి పదకొండు కొత్త కార్డులు! ఒకటి తీసి చదివాడు. "వెంకటగిరి చీర. తెలుపు, నీలం అంచు. 1964. ఒకే ప్రతి. స్థానం: తార్నాక, బీరువా, రెండో అర." లైబ్రరీ వాళ్ళు అసలు బట్టల నమూనాలే తెప్పించారనుకుని, గబగబా స్లిప్పు నింపి కౌంటరు దగ్గరికి పరిగెత్తాడు.

"దానయ్యన్నా, గిది కావాలె. జల్ది."

దానయ్య స్లిప్పు చూశాడు, కార్డు చూశాడు, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. సుందరరావు చేతిరాతే, కింద సంతకం కూడా ఉంది. అడుగుదామంటే ఆయన కింద అండర్‌గ్రౌండు గోడౌన్లో పుస్తకాల తనిఖీలో ఉన్నాడు, అక్కడికి ఎవరూ రాకూడదని ఆయనదే ఆర్డరు. పైగా ఈ ఇరవై ఏళ్ళలో దానయ్య ఏ స్లిప్పు మీదా "లేదు" అని రాసిన పాపాన పోలేదు.

"తార్నాకల ఉన్నదట. సారు ఇల్లు నాకెరుకే. గంటల తెస్త, గీడ్నే కూసో."

"తార్నాకల గూడ బ్రాంచి పెట్టిన్రా అన్నా?"

"పెద్ద సార్లు ఏం పెడ్తరో మనకు చెప్తరా బిడ్డా!" అని దానయ్య సైకిలు తీశాడు.

అదే సమయానికి తార్నాకలో అమ్మాజీ బీరువా తలుపు తీసి కొయ్యబారి నిలబడింది. రాత్రంతా నిలబడి నిలబడి చీరలకి కాళ్ళు పీకినట్టున్నాయి. ఒకదాని మీద ఒకటి కూలబడి, అన్నీ కుప్పగా పడి ఉన్నాయి. ఎడమనుంచి నాలుగోదేదో బ్రహ్మకి కూడా తెలియదు. ఎట్టకేలకు తెల్లచీరని కుప్పలోంచి లాగింది. అడ్డంగా ముడతలు, నిలువుగా ముడతలు, వేయించిన అప్పడంలా ఉంది. ఇంట్లో ఇస్త్రీ పెట్టె లేదు. దాని జాకెట్టేమో అనుబంధాలలో ఎక్కడో ఉంది.

జాకెట్టు దొరికేలోగా గుమ్మంలో దానయ్య నిలబడ్డాడు.

"నమస్తే అమ్మా. తెల్లచీర, నీలం అంచుది, పట్కరమ్మంటె వచ్చిన."

అమ్మాజీకి ప్రాణం లేచొచ్చింది. ఎంతైనా కట్టుకున్నవాడు కదా! చీర నలిగిపోతుందని ఆయనకే తట్టి, క్యాంపస్‌లో ఇస్త్రీ చేయించడానికి మనిషిని పంపాడన్నమాట. మూడేళ్ళలో ఆమెకి భర్త మీద అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

"ఇదుగో దానయ్యా, జాగ్రత్త. కింద పడెయ్యకు. నేను పదింబావుకల్లా లైబ్రరీకే వచ్చి అక్కడే కట్టుకుంటానని ఆయనతో చెప్పు."

"లైబ్రరీల కట్టుకుంటరా?" దానయ్య కొంచెం ఆలోచించాడు. "రీడింగ్ రూముల అయితే ఒప్పుకోరమ్మా."

"అక్కడ కాదయ్యా బాబూ! ఆడవాళ్ళ గది ఉండదూ?"

"ఉన్నది, ఉన్నది" అంటూ దానయ్య చీరని అట్టపుస్తకంలా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పావుగంటలో అది బాలస్వామి చేతిలో ఉంది. రిజిస్టర్లో ఎక్కింది. పద్నాలుగు రోజుల గడువు. పుస్తకానికైతే లోపలి అట్ట మీద తేదీ ముద్ర వేస్తారు. చీరకి లోపల ఏదో, బయట ఏదో తేలక, దానయ్య ముద్రని స్లిప్పు మీదే కొట్టి, స్లిప్పుని గుండుసూదితో కొంగుకి గుచ్చాడు.

పదీ ఇరవైకి అమ్మాజీ వచ్చింది. ఒంటిమీద వంటింటి చీర, ఒకప్పుడది చిలకపచ్చ, కుచ్చిళ్ళ మీద పసుపు మరక. చేతిలో జాకెట్టు పొట్లం. అప్పుడే గోడౌన్లోంచి దుమ్ము దులుపుకుంటూ పైకొచ్చిన సుందరరావు ఆమెని చూసి అదిరిపోయాడు.

"ఇదేమిటి, ఈ చీరతో వచ్చావు?"

"పరాచికాలొద్దండీ, టైమైపోతోంది. ఇస్త్రీ అయిందా? చీరేదీ?"

"ఏ చీర?"

"మీరు తెప్పించిన చీర."

"నేనేం తెప్పించాను?"

ఇద్దరూ కలిసి దానయ్య వంక తిరిగారు. దానయ్య రిజిస్టరు తిప్పి చూపించాడు.

"ఇష్యూ అయింది సార్."

"ఏమయింది?"

"చీర. ఇష్యూ అయింది. మళ్ళ సోమారం కాదు, అవుతల సోమారం వస్తది. అర్జెంటయితే రిజర్వు చేస్త సార్."

"దానయ్యా! అది మా ఆవిడ చీరయ్యా!"

"గట్లంటరేంది సార్? గిది మీ కార్డే గద? మీ సంతకమే గద? నేను ఒక్కటన్న తప్పు పెట్టిన్నా?"

సుందరరావు కార్డు చూశాడు. నంబరు సరిగ్గా ఉంది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. ఒక్క తప్పు లేదు.

"కార్డు బాగానే రాశాను" అన్నాడు నీరసంగా.

"నా ఇంటర్వ్యూకి ఇంకా ముప్పావుగంటే ఉందండీ" అంది అమ్మాజీ. ఆ గొంతు విని రీడింగ్ రూములో నలుగురు తలలెత్తారు. "ఎవడు పట్టుకెళ్ళాడు నా చీరని?"

బాలస్వామి దాన్ని తన గైడు ప్రొఫెసర్ కామాక్షికి చూపించడానికి తీసుకెళ్ళాడని, ఆవిడ అడ్మినిస్ట్రేషన్ బిల్డింగులో ఏదో కమిటీలో ఉన్నారని దానయ్య చెప్పాడు. అమ్మాజీ ముందు, సుందరరావు వెనక, రిజిస్టరుతో దానయ్య ఆ వెనక. ఎండలో అంత దూరం ఆయాసపడుతూ వెళ్ళి తలుపు దగ్గర ఆగేసరికి అక్కడ బోర్డుంది. "మేట్రన్ సెలెక్షన్ కమిటీ."

లోపల పొడుగాటి బల్ల మీద చీర పరిచి ఉంది. కామాక్షి మేడమ్ కళ్ళజోడు ముక్కు చివరికి దించి అంచు చూస్తున్నారు. పక్కన ఇద్దరు మెంబర్లు కాఫీ తాగుతున్నారు.

"లైబ్రరీలో చీరలు ఎప్పటినుంచి ఇస్తున్నారయ్యా?"

"కార్డున్నది మేడమ్" అన్నాడు బాలస్వామి గర్వంగా.

"సరే. ఇంత మంచి నేత చీరని ఇలా నలిపిందెవరు? స్పెసిమెన్ని ఉంచే పద్ధతేనా ఇది?"

బాలస్వామి అంచు కొలుద్దామని స్కేలూ పెన్సిలూ తీశాడు. పెన్సిలు మొన చీరకి బెత్తెడు దూరంలో ఉండగా అమ్మాజీ లోపలికి దూసుకొచ్చింది. ఇంటర్వ్యూ, కమిటీ, పసుపు మరక, అన్నీ మర్చిపోయింది.

"పెన్సిలు తియ్యి ముందు! అది నా చీర!"

"కాదమ్మా, లైబ్రరీది. పద్నాలుగు రోజులదాక నాది" అన్నాడు బాలస్వామి స్లిప్పు చూపిస్తూ.

"నీ పద్నాలుగు రోజులూ తర్వాత చూద్దాం నాయనా. లే, అవతలికి జరుగు." చీర ఒక కొస తను పట్టుకుని, రెండో కొస ఎవరికివ్వాలా అని అటూ ఇటూ చూసి, దగ్గరగా ఉన్న కామాక్షి మేడమ్ చేతిలో పెట్టింది. "ఆ కొస పట్టుకోండి. బిగించి. కొంచెం వెనక్కి."

ప్రొఫెసర్ కామాక్షికి ఆ యూనివర్సిటీలో ఆర్డరు వేసినవాళ్ళు అప్పటివరకూ లేరు. ఏమనుకున్నారో, లేచి కొస పట్టుకుని వెనక్కి నడిచారు. అమ్మాజీ ఒక్క విదిలింపు విదిలించింది. ఫట్‌మని చప్పుడైంది, మెంబరు కాఫీ ఒలికింది, సగం ముడతలు ఎగిరిపోయాయి. సగానికి మడిచి, అరచేత్తో రాసి, మళ్ళీ సగానికి మడిచింది. ఆవిడ దగ్గరికొచ్చి కొస అందించడం, ఈవిడ అందుకుని మళ్ళీ బిగించడం. నిమిషంలో చీర బల్ల మీద కొత్త కాగితంలా కూర్చుంది.

"మీరెవరు?" అన్నారు మేడమ్.

అప్పుడు గుర్తొచ్చింది అమ్మాజీకి. "అమ్మాజీ అండీ. ఇంటర్వ్యూకి వచ్చాను."

మెంబర్లు ఆమె చీర మీద పసుపు మరక వంక చూశారు. మేడమ్ మాత్రం బల్ల మీద మడత వంకే చూస్తున్నారు.

"మా హాస్టల్లో నూట నలభై మంది అమ్మాయిలు. చాకలి మూట విప్పిన ప్రతిసారీ యుద్ధమే. నా లంగా నువ్వు కట్టావంటే, నా ఓణీ నువ్వు దాచావని. ఇద్దరు మేట్రన్లు ఇందుకే మానేశారు. మీరైతే ఏం చేస్తారు?"

ఆమె నోరు తెరిచేలోగా గుమ్మంలోంచి సుందరరావు అందుకున్నాడు. "మేడమ్, నూట నలభై మందికీ ఒక కార్డు కేటలాగు పెడితే..."

"మీరెవరండీ?"

"సుందరరావండి. లైబ్రరీ కేటలాగర్ని. ఈవిడ భర్తని."

"ఈ కార్డు రాసింది మీరేనా?"

"నేనేనండి" అన్నాడు ఛాతీ పొంగించి.

"అయితే బయట నిలబడండి."

అమ్మాజీ చెప్పింది. "ఎవరి బట్టలు వాళ్ళ తువ్వాల్లోనే కట్టి వెయ్యాలండీ. తువ్వాలు మూలకి ఒక్కో గదికి ఒక్కో రంగు దారం కుట్టిస్తాను. చాకలి కూడా అదే తువ్వాల్లో తిరిగి తేవాలి. మూట విప్పేది నా ఎదురుగా, మడత పెట్టుకునేది ఎవరివి వాళ్ళే. మడత రాని పిల్లకి నేను నేర్పుతాను. రెండు వారాల్లో అరుపులు వినపడితే నన్నడగండి."

మెంబర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కామాక్షి మేడమ్ మిగతా అప్లికేషన్లు తీసి పక్కన పెట్టేశారు.

"ఉద్యోగం మీదే. షరతు మీకు తెలిసే ఉంటుంది, నోటీసు రెండో పేజీలో వేశాం. క్వార్టరు హాస్టల్ కాంపౌండు లోపల. మేట్రన్ అక్కడే ఉండాలి. మగవాళ్ళు, భర్తలైనా సరే, లోపల ఉండటానికి వీల్లేదు. ఆదివారం నాలుగు నుంచి ఆరుదాకా విజిటర్స్ రూములో కలవచ్చు."

అమ్మాజీ మెల్లగా గుమ్మం వైపు తిరిగింది.

"నోటీసు మీరే కదండీ చదివారు?"

"మొదటి పేజీ చదివాను" అన్నాడు సుందరరావు. పన్నెండేళ్ళుగా ఏ పుస్తకమైనా ఆయన మొదటి పేజీ చూసే కార్డు రాస్తున్నాడు.

అమ్మాజీ ఆయన్ని తేరిపార చూసింది. వంటింటి గుమ్మం కళ్ళముందు మెదిలింది. కూలబడిన చీరల కుప్ప మెదిలింది. ఆ క్వార్టర్లో ఒక అల్మరా ఉండే ఉంటుంది, దాన్ని తను ఒక్కతే సర్దుకుంటుంది. కొంగుకున్న గుండుసూది తీసి, స్లిప్పు బాలస్వామి చేతిలో పెట్టి, చీర చంకలో పెట్టుకుంది.

"ఎప్పుడు చేరమంటారండీ?" అంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం నాలుగింటికల్లా సుందరరావు విజిటర్స్ రూములో కూర్చుని ఉంటాడు, చొక్కా నలిగి ఉంటుంది.