పై మంచం దేశం, పరదా సరిహద్దు

ప్రపంచంలోకెల్లా చిన్న దేశం వాటికన్ అని పిల్లలకు చెప్పే టీచర్లను తక్షణం సస్పెండ్ చేయాలి! ఆ దేశం కువైట్‌లో, బ్నీద్ అల్ గార్‌లో, మేం అద్దెకుంటున్న గదిలో, కిటికీ పక్క పై మంచం. చుట్టూ పరదా కట్టిన ఆ మంచానికి రాజూ నేనే, ప్రజలూ నేనే. పేరు కుక్కుటేశ్వరరావు.

చిన్న దేశమని జాలిపడకండి. ఎంత సుఖమో తెలుసా? నౌరూకి అధికారికంగా రాజధాని లేదట. నాకూ అంతే, తల ఎటు పెడితే అటే రాజధాని! లీచ్‌టెన్‌స్టయిన్‌కి ఎయిర్‌పోర్ట్ లేదట. నాకు నిచ్చెనే లేదు. కింది మంచం భీమేశ్వరరావు గారి భూభాగం మీద కాలు మోపి ఎక్కాలి. ఆయన అలిగిన రోజు నేను స్వదేశం చేరలేను. వాటికన్‌లో పుట్టుకతో ఎవరికీ పౌరసత్వం రాదట. మా దేశంలో అసలు పిల్లలే పుట్టరు. కారణం చెబుతాను, తొందరపడకండి.

మా గదిలో అంతర్జాతీయ చట్టం ఒక్కటే. పరదా వేసి ఉంటే మనిషి లేనట్టే. ఎవరూ పలకరించరు, పరదా ముట్టుకోరు. మరీ అవసరమైతే ఫోన్ చేస్తారు. "ఏవండీ, మీ ఆవకాయ సీసా కారతందండి. నూనంతా నా నెత్తి మీదే!" అని భీమేశ్వరరావు గారు కింది మంచం మీంచి ఫోన్‌లోనే నిరసన తెలిపారు. ఇంత మర్యాద ఐక్యరాజ్యసమితిలో ఉందా?

ఇక రాణిగారు. మా ఆవిడ సత్యదుర్గ కూడా కువైట్‌లోనే, ఒక అరబ్బుల ఇంట్లో పని చేస్తుంది. ఆవిడ రాజ్యం వంటింటి వెనక, వాషింగ్ మెషిన్‌తో ఉమ్మడి. ఇంటావిడ, అంటే పనివాళ్లంతా 'మామా' అని పిలిచే యజమానురాలు, వదిలితేనే శుక్రవారం మా శిఖరాగ్ర సమావేశం.

మొన్న శుక్రవారం ఫోన్ చేసింది. "ఏవండీ, మామా సాయంత్రం దాకా ఒదిలేసిందండి. చేపల పులుసు అట్టుకొత్తాను. ఇయ్యాలైనా మీ గది చూపిత్తారా?"

బిల్డింగ్ కాపలాదారుణ్ని బతిమాలాను. "బ్యాచిలర్ బిల్డింగ్ హై భాయ్. లేడీస్ నహీ. ఖలాస్!" అన్నాడు. పెళ్లి ఫోటో చూపించాను. ఫోటో బాగుందన్నాడు.

చివరికి షర్క్‌లో చేపల మార్కెట్ దగ్గర, సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చున్నాం. నెత్తిన ఎండ, మీద వచ్చేపోయేవాళ్ల చూపులు. సత్యదుర్గ చున్నీ తీసి ఇద్దరి తలల మీదా కప్పింది. లోపల ఆవిడ, నేను, పులుసు వాసన. జనాభా రెట్టింపు!

అప్పుడే ఫోన్ మోగింది. భీమేశ్వరరావు గారు.

"చేపలకొచ్చానండి. మీ ఎనకాలే ఉన్నాను. పలకరిద్దామనుకున్నాను గానీ, పరదా ఏసుంది కదండీ. ఎల్లిపోతన్నాను."

చున్నీ తొలగించి చూశాను. నిజంగానే అటు తిరిగి వెళ్లిపోతున్నారు. ఇలాంటి పొరుగువాడు ఏ దేశానికి ఉన్నాడు చెప్పండి?

కాసేపటికి మామా ఫోన్ చేసింది. సత్యదుర్గ చున్నీ మడతపెట్టింది. మా దేశం రద్దయింది.

చిన్న దేశాలు గొప్పవే, కాదనను. కానీ మొగుడూ పెళ్లాం లోపల గడియ పెట్టుకునేంత పెద్ద దేశం ఎక్కడైనా ఉంటే కాస్త చెప్పండి. ఇద్దరం అప్లై చేస్తాం.