అత్తగారి గానుగ, క్లబ్బు విమానం

బుధవారం పొద్దున వింకో వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికల్లా విమానం ఇంజను నూనె నమూనాను పోస్టులో వేయాలి. దారిలోనే అత్తగారు ఒతీలియా తీసిన గుమ్మడిగింజల నూనెను ఊరి పోటీకి అప్పగించాలి. పదింటికి విమానాల షెడ్డులో ఉండాలి. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదు.

మూర నది ఒడ్డున ఉన్న ఆ గ్లైడర్ క్లబ్బుకు ఇరవై రెండేళ్లుగా వింకోయే మెకానిక్కు. ఇంజను లేని ఆ గ్లైడర్లను పైకి లాక్కెళ్లే విమానం అక్కడ ఒక్కటే. అది యాభై గంటలు ఎగిరినప్పుడల్లా కాస్త నూనె తీసి ప్రయోగశాలకు పంపుతారు. మనిషికి రక్తపరీక్ష చేసినట్టు, అందులో ఎంత ఇనుము కలిసిందో చూసి ఇంజను ఎంత అరిగిందో వాళ్లు చెబుతారు. ప్రయోగశాల ఇచ్చిన ఖాళీ సీసాలు మిగిలిపోతే, పారేయడానికి చేతులు రాక వింకో ఓ ఇరవై అత్తగారికి ఇచ్చాడు. గుమ్మడిగింజల నూనె కూడా నల్లగానే ఉంటుంది. చీటీలు అంటించే పని అతను కారులో పెట్టుకున్నాడు.

సోమవారం నివేదిక వచ్చింది. ఇనుము ఉండాల్సినదానికి నాలుగింతలు ఉంది, విమానాన్ని ఎగరనివ్వకండి అని రాశారు. ఇది ఏ రకం నూనో మాకు అంతుపట్టలేదని కింద మరో వాక్యం.

క్లబ్బు అధ్యక్షుడు కొత్సిపెర్ షెడ్డుకు తాళం వేయించి ఆదివారం పోటీలు రద్దు చేశాడు. వింకో చవక నూనె పోశాడని ఒకరు, అసలు నూనే పోయలేదని ఇంకొకరు తేల్చారు. తప్పు అతనిదైతే ఉద్యోగం పోయినట్టే. మూడు రోజులు ఇంజను విప్పారు. లోపల ఒక్క గీత లేదు. దాంతో అందరికీ వింకో మీద అనుమానం రెట్టింపైంది.

గురువారం భార్య జ్దెంకా ఫోన్ చేసింది. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి వాళ్లమ్మ నూనెకు పతకం రాలేదట. న్యాయనిర్ణేతలు రాసింది చదివి వినిపించింది. "రంగు అమోఘం. గింజలు బాగా మాడినట్టున్నాయి. రుచి చూడటానికి ఎవరూ ముందుకు రాలేదు."

వింకో స్పానరు కింద పెట్టాడు. వెళ్లి, కారులో చీటీలు తారుమారయ్యాయని అధ్యక్షుడికి చెప్పాడు.

"అంటే అరిగింది మీ అత్తగారి ఇనుప గానుగా?" అన్నాడు కొత్సిపెర్.

"అవునండి."

"అయితే ఆ నూనె తనదేనని ఆవిడ చేత సంతకం పెట్టించుకురా. నీ ఉద్యోగం నీకుంటుంది. అడగడానికి మాత్రం నేను రాను."

గానుగ కిర్రుమంటోందని వింకో అన్నప్పుడల్లా, విమానాల మోతకు నీ చెవులు పోయాయనేది ఒతీలియా. గానుగ గదిలోకి అల్లుణ్ణి అడుగు పెట్టనిచ్చేది కాదు. ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని నివేదికను రెండుసార్లు చదివింది.

"నా నూనెను విమానాల వాళ్లకు పంపావా?"

"పొరపాటున, అత్తయ్యా."

"నీ నూనెను నా పేరుతో పోటీకి పెట్టావా?"

"అదీ పొరపాటే."

"గానుగ కిర్రుమంటోందని ఐదేళ్ల నుంచి అంటున్నావు కదూ?"

"అంటూనే ఉన్నాను."

"మరి కాస్త గట్టిగా అనాలి కదా, అల్లుడూ."

సంతకం పెట్టింది. కాగితంతో పాటు గానుగ గది తాళంచెవిని కూడా అతని ముందుకు జరిపింది. వింకోకు కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు గానుగ నూనె కూడా ఏటా ప్రయోగశాలకు వెళుతోంది. రెండు సీసాల మీదా చీటీలు ఒతీలియాయే అంటిస్తుంది.