జాజ్ విద్వాంసుడికి పౌర సన్మానం

1976 ఫిబ్రవరి 14, శనివారం సాయంత్రం ఆరు గంటలకు విజయవాడలోని ఒక క్లబ్బు హాల్లో, జాజ్ పియానో విద్వాంసుడు జాన్‌బాబుకు పౌర సన్మానం జరిగింది. అతను పియానో వాయించకుండా చూడడానికే ఆ సభ పెట్టారని తరవాత కొందరు అన్నారు. ఆ మాట నిజం కాదు. ఆహ్వాన పత్రికలో ఆఖరి అంశంగా ‘పియానో కచేరి, సమయానుకూలముగా’ అని అచ్చువేశారు.

జాన్‌బాబు కోపెన్‌హాగన్‌లో ఉంటాడు. అక్కడ ఒక హోటలు నేలమాళిగలో, భోజనం చేసేవాళ్లు మాట్లాడుకుంటూ ఉండగా పియానో వాయిస్తాడు. హనుమాన్ జంక్షన్ దగ్గరి పల్లెలో పుట్టాడు. అక్క మార్త చర్చిలో హార్మోనియం వాయించేది. ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. మద్రాసులో ఒక హోటలు బ్యాండులో చేరి, అక్కణ్ణించి ఒక ఓడ మీద వాయిస్తూ వెళ్లి, ఓడ ఆగినచోట దిగిపోయాడు. సన్మాన పత్రంలో దీన్ని ‘పాశ్చాత్య దేశముల ప్రత్యేక ఆహ్వానముపై’ అని రాశారు. తండ్రి ఇశ్రాయేలు ఇదే క్లబ్బు టెన్నిస్ కోర్టుకు చచ్చిపోయేదాకా నీళ్లు చల్లాడు. దాన్ని ‘క్లబ్బుతో తరతరాల అనుబంధము’ అని రాశారు.

జాన్‌బాబు ఈ సన్మానానికి ఒప్పుకోవడానికి కారణం శాలువా కాదు. తమ్ముడు వాయించే సంగీతాన్ని మార్త ఒక్కసారి కూడా వినలేదు. అతను పంపిన రికార్డు ఆమె ఇంట్లో ఉంది, దాన్ని తిప్పే యంత్రం లేదు. విజయవాడలో అతనికి తెలిసిన పియానో ఈ క్లబ్బులోనే ఉంది. ఆదివారం పొద్దున మద్రాసు మెయిలు ఎక్కాలి.

సభకు రెండురోజుల ముందు అతను క్లబ్బు సెక్రటరీ, ప్లీడరు సంజీవరావు గారిని కలిశాడు.

“మా అక్క వస్తుందండీ. ముందు వరుసలో ఓ కుర్చీ చూడండి.”

“అతిథి వెంట భార్యకు ప్రవేశం ఉందండీ. అక్కగారి ఊసు రూల్స్‌లో లేదు.”

“నాకు పెళ్లి కాలేదండీ.”

“అది మా చేతుల్లో లేదు గదండీ.”

రూల్సు తెల్లవాళ్లు రాసినవనీ, వాటిని మార్చడం దేశభక్తుల పని కాదనీ సంజీవరావు గారు వివరించారు. జాన్‌బాబు అక్కడితో సన్మానం వద్దనుకున్నాడు. ఇంటికి వెళ్లి అక్కకు చెబితే ఆమె చేటలో బియ్యం చెరుగుతూ వింది.

“గొడవ పెట్టుకోమాక. కిటికీలు తీయించు, చాలు. నే గేటు దగ్గర కూచుంటా. నాన్న అక్కడ నిలబడే కదరా ఇల్లు గడిపింది. ఉత్తరాల్లో ఎన్నాళ్లు వినమంటావు నీ పాట?”

పియానో ఒక దొర దేశం వదిలిపోతూ వదిలేసింది. అప్పట్నించి దాని మీద పేకాట పోటీల కప్పులు పెడుతున్నారు. శ్రుతి చేయాలని జాన్‌బాబు అన్నాడు. “రంగు వేయించాం గదండీ” అన్నారు సంజీవరావు గారు. నిజమే, వేయించారు. మూత రంగుకు అతుక్కుపోయింది. జాన్‌బాబు క్లబ్బు వంటింట్లోంచి చాకు తెచ్చి మూత విడదీశాడు. సైకిలు షాపు నుంచి పానా తెచ్చి తీగెలు బిగించాడు. అతిథి సొంత చేతులతో పని చేసుకోవడాన్ని వక్తలు సభలో నిరాడంబరతగా పేర్కొన్నారు.

ఆ ఏడాది దేశంలో ఎమర్జెన్సీ నడుస్తోంది. సభలకు అనుమతి ఉండాలి. రైళ్లు వేళకు వస్తున్నాయని ఎదురుపడినవాళ్లందరికీ చెప్పాలి. జాతీయ గీతం పాడేటప్పుడు కదిలినవాళ్లకు ఏమైందో పత్రికలు రాయలేదు కాబట్టి అందరికీ తెలుసు. ఈ సభకు తొమ్మిది గంటల వరకు అనుమతి దొరికింది. దాన్ని అమలుపరచడానికి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కాశీరావు గారు యూనిఫాంలో వచ్చి మొదటి వరుసలో కూర్చున్నారు.

ప్రార్థన గీతం అయింది. అధ్యక్షులు, రైస్‌మిల్లు యజమాని రామకోటేశ్వరరావు గారు లేచారు.

“జాజ్ అనగానేమి? మన సామవేదమే. పూర్వం ఓడల్లో అటు వెళ్లిపోయింది. ఈ కృష్ణా నీళ్లు తాగిన మన జాన్‌బాబు గారు దాన్ని తిరిగి తెచ్చి మన చేతుల్లో పెట్టారు. తెల్లవాడి పెట్టెను తెల్లవాడి ఇంట్లోనే ఓడించిన ధీరుడాయన. సంగీతంలో ముఖ్యమైనది తాళం. తాళమంటే క్రమశిక్షణ. క్రమశిక్షణ అంటే ఇవాళ దేశంలో ఏం జరుగుతోందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.”

చెప్పనక్కర్లేనిదాన్ని ఆయన చాలాసేపు చెప్పారు. తరవాతి వక్త ఆయన చెప్పినదాన్ని సమర్థించారు. ఆ తరవాతి వక్త, సమర్థించినవారిని అభినందించారు. జాన్‌బాబుకు మంగళగిరి శాలువా కప్పారు. అదే రకం శాలువా పియానోకూ కప్పి, దండ వేశారు. అధ్యక్షులకు, సెక్రటరీకి, కాశీరావు గారికి కప్పారు. జాన్‌బాబు కిటికీల వైపు చూస్తూ ఉన్నాడు. తీసే ఉన్నాయి. గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద తెల్ల చీర కనిపిస్తోంది.

వందన సమర్పణ చేస్తూ సంజీవరావు గారు గడియారం చూసుకున్నారు. తొమ్మిది కావస్తోంది.

“కచేరీకి వేళ మించిపోయిందండీ. జాన్‌బాబు గారు మళ్లీ వచ్చినప్పుడు తప్పకుండా పెట్టుకుందాం.”

“ఒక్క పాట వాయిస్తానండీ” అన్నాడు జాన్‌బాబు.

“మీకు ఇబ్బంది ఎందుకండీ” అన్నారు రామకోటేశ్వరరావు గారు.

ఇక జాతీయ గీతం పాడితే సభ ముగుస్తుంది. పాడవలసింది సంజీవరావు గారి అమ్మాయి. రెండో వక్త మాట్లాడుతుండగా ఆమె నిద్రపోయింది. లేపితే ఏడుపందుకుంది. అధ్యక్షులు అటూ ఇటూ చూసి జాన్‌బాబు చెవి దగ్గర వంగారు.

“అదేదో మీ పెట్టె మీద కానిచ్చేయండి బాబూ, వెళ్లిపోదాం.”

జాన్‌బాబు పియానో మీది దండ తీసి, శాలువా తీసి, కప్పులు కిందపెట్టి కూర్చున్నాడు. అందరూ లేచి నిలబడ్డారు. కాశీరావు గారు సెల్యూట్ చేశారు.

జాతీయ గీతాన్ని అతను ఎలా వాయించాలో అలా వాయించాడు. ఒక్క స్వరం మార్చలేదు. ఆఖరి స్వరం మోగింది. అది ఆగకముందే ఎడమ చెయ్యి పియానో కింది స్థాయి మెట్ల మీద నడవడం మొదలుపెట్టింది. కాసేపటికి కుడి చెయ్యి వచ్చి కలిసింది.

అది జాతీయ గీతంలో భాగమో కాదో హాల్లో ఎవరికీ తెలియలేదు. రామకోటేశ్వరరావు గారు కాశీరావు గారి చేతివైపు చూశారు. చెయ్యి దిగలేదు. అధ్యక్షులు కూర్చుంటే దించుదామని కాశీరావు గారు ఆయన మోకాళ్లవైపు చూస్తున్నారు. మోకాళ్లు వంగలేదు. వెనక వరుసలవాళ్లు ఈ ఇద్దర్నీ చూస్తున్నారు. అనుమతి గడువు దాటిపోయింది. సభ ఆపించవలసిన అధికారి సెల్యూట్‌లో ఉన్నారు.

జాన్‌బాబు తన సొంత పాట వాయించాడు. కోపెన్‌హాగన్‌లో దాన్ని ఎప్పుడూ ప్లేట్ల చప్పుడు మధ్య వాయించేవాడు. ఇక్కడ ఎవరూ దగ్గలేదు. పాట మధ్యలో, చర్చి హార్మోనియం మీద అక్క నేర్పిన కీర్తన ఒకటి వచ్చి వెళ్లింది. పలకని మెట్లను దాటుకుంటూ పాట చివరిదాకా వెళ్లి, చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

కాశీరావు గారు చెయ్యి దించారు. జాతీయ గీతానికి చప్పట్లు కొట్టే ఆచారం లేదు కాబట్టి ఎవరూ కొట్టలేదు. గేటు బయట ఒక్క మనిషి కొట్టింది.

రిక్షాలో మార్త బందరు కాలవ దాటాక అంది:

“ఎడమ చెయ్యి ఇంకా బరువేరా నీకు. చిన్నప్పుడూ అంతే.”

“మరి పాట?”

“మళ్లీ వినాలనిపించింది. కీర్తన్ని మాత్రం మరీ వంకర తిప్పావు. మన పాస్టరు గారు వింటే సంఘంలోంచి తీసేద్దురు.” కొంగు సర్దుకుని, “హాయిగా కూచుని విన్నాలే. మీవాళ్లంతా ఎందుకు అట్టా నిలబడ్డారు?” అంది.

జాన్‌బాబు మర్నాడు మద్రాసు మెయిలు ఎక్కాడు. రైలు రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. అక్క ప్లాట్‌ఫారం మీద అతని పక్కనే కూర్చుంది.

సోమవారం నాటి పత్రికలో, సభ జాతీయ గీతంతో ముగిసిందని వార్త వచ్చింది. అదే వారం, గడువు దాటాక కచేరి నడిచిందన్న ఆకాశరామన్న ఉత్తరం మీద పైఅధికారులు విచారణ జరిపారు. కచేరి ఏదీ జరగలేదని రామకోటేశ్వరరావు గారు, సంజీవరావు గారు, కాశీరావు గారు చెప్పారు. గేటు బయట ఉన్నవారిని పిలవలేదు. జాతీయ గీతం పూర్తయ్యేదాకా తాము కదలకుండా నిలబడ్డామని, ఆ సాయంత్రం హాల్లో ఉన్నవారందరూ విడివిడిగా రాసి సంతకాలు చేశారు.