మూడువందల పదమూడో నంబరు మనిషి

ఆ రోజు గుమాస్తా పెట్టుకున్న పని ఒక్కటే, పన్ను పీకించుకోవడం. ఎడమవైపు కింది దవడలో ఆఖరి పన్ను అది. మూడేళ్ళుగా నొప్పి పెడుతోంది. మూడేళ్ళుగా ఆయన ఒక పక్కనే నములుతున్నాడు, ఒక పక్కకే తిరిగి పడుకుంటున్నాడు. పడుకోవడమే గాని నిద్ర లేదు. సాయంత్రం నాలుగింటికి రమ్మని దంతవైద్యుడు టైమిచ్చాడు. పూట సెలవు కావాలని చీటీ రాసి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు.

"ఇవాళైనా వెళ్తారా, పోయిన నెల లాగేనా?" అంది భార్య, టిఫిన్ డబ్బా చేతికిస్తూ.

"వెళ్తాను."

"పోయిన నెలా ఇదే మాటన్నారు. అంతకు ముందు నెలా ఇదే."

"చూశావా, మాట మార్చే మనిషిని కాను," అంటూ గుమాస్తా నవ్వబోయాడు. పన్ను ఒప్పుకోలేదు.

ఆయన పనిచేసేది ఒక ఆరోగ్య పరిశోధన కేంద్రంలో. షుగరు, గుండెజబ్బు, కీళ్ళజబ్బు లాంటి వదలని రోగాలు పైకి తేలడానికి చాలా ముందే ఒంట్లో లోలోపల సన్నగా వాపు మొదలవుతుందట. అద్దంలో చూసుకుంటే కనపడదు గాని రక్తం పరీక్ష చేస్తే దాని జాడ తెలుస్తుంది. ఆ జాడ పట్టుకోవాలని ఆ కేంద్రం వాళ్ళు ఆరేళ్ళుగా రెండువేల మంది దగ్గర మూడు నెలలకోసారి రక్తం తీస్తున్నారు, తిండీ నిద్రా నడకా గురించి నాలుగు పేజీల ప్రశ్నలు అడుగుతున్నారు. రక్తపు గొట్టాలకి నంబర్లు అంటించడం, జవాబులు కంప్యూటర్లోకి ఎక్కించడం గుమాస్తా పని. రెండువేల మంది ఎన్ని గంటలు నిద్రపోయారో రాసే మనిషికి తన నిద్ర సంగతి చూసుకునే తీరిక ఎక్కడుంటుంది.

చీటీ పట్టుకుని డైరెక్టరమ్మ గదిలోకి వెళ్ళేసరికి అక్కడ లెక్కలమ్మాయి కూడా ఉంది. ఆ అమ్మాయి చేరి రెండు నెలలయింది. అంకెల్లోంచి అర్థాలు లాగడం ఆమె ఉద్యోగం. ఇద్దరూ కంప్యూటర్ తెరకి ముక్కులు ఆనించి చూస్తున్నారు.

"సరిగ్గా వచ్చారు గుమాస్తాగారూ, కూర్చోండి," అంది డైరెక్టరమ్మ.

ఆ గదిలో ఆయన్ని ఎవరైనా కూర్చోమనడం అదే మొదటిసారి. ఆయనకి భయం వేసింది.

"మూడువందల పదమూడో నంబరు! ఈ మనిషి మామూలోడు కాదు," అంది డైరెక్టరమ్మ. "రోజుకి ఎనిమిది గంటలు నిద్ర. ఆరు కిలోమీటర్ల నడక. సిగరెట్టు ముట్టడు, పూటపూటా పళ్ళూ కూరలూ. కోపం వస్తుందా అంటే రాదని రాశాడు. ఇన్ని మంచి అలవాట్లున్న మనిషికి మూడేళ్ళుగా రక్తంలో వాపు పెరుగుతూనే ఉంది. మనకి తెలియని కారణం ఏదో ఉంది. ఆర్నెల్లుగా దీని మీదే వ్యాసం రాస్తున్నాను."

గుమాస్తా కూర్చోవడమే మంచిదయింది.

ఎందుకంటే మూడువందల పదమూడు అనే మనిషి లేడు. అధ్యయనం మొదలైన కొత్తలో, ఇప్పుడు రిటైరైపోయిన పాత డైరెక్టరు గుమాస్తాని పక్కకి పిలిచి చెప్పాడు. "ల్యాబువాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తున్నారో లేదో మనకి తెలియాలి. ప్రతి పెట్టెలోనూ నీ రక్తం ఒక గొట్టం పెట్టు. నువ్వు దుక్కలా ఉన్నావు. అంకె తేడాగా వస్తే మిషన్ పాడైందని తెలుస్తుంది. మూడువందల పదమూడో నంబరు వెయ్యి. ఎవరికీ చెప్పకు, చివర్లో లెక్కలోంచి నేనే తీసేస్తాను." ఆయన రిటైరైన రోజు పూలదండలు వేశారు, ఉపన్యాసాలిచ్చారు, ఈ విషయం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. గుమాస్తా మూడు నెలలకోసారి నర్సు ముందు చెయ్యి చాపుతూనే ఉన్నాడు. నర్సులు మారిపోతూనే ఉన్నారు, ఎందుకని అడిగినవాళ్ళు లేరు.

దానికి తోడు కంప్యూటర్ మొండిది. నాలుగు పేజీల జవాబులు లేనిదే గొట్టం నంబరు తీసుకోదు. సరే, లేని మనిషే కదా, ఉత్తపుణ్యానికి కష్టాలు పెట్టడం దేనికని గుమాస్తా తనకి దొరకనివన్నీ అతనికి రాసిచ్చాడు. ఎనిమిది గంటల నిద్ర రాస్తున్నప్పుడు ఆయనకి కాస్త అసూయ కూడా కలిగింది. లేని ఇంటి నంబరు కొడితే కంప్యూటర్ వద్దంది, తన ఇంటి నంబరే కొట్టాడు.

"మేడమ్, ఆ మూడువందల పదమూడు ఉన్నాడే, అసలతను..." అని మొదలుపెట్టాడు.

"సార్!" అంది లెక్కలమ్మాయి, తెర మీద వేలు పెట్టి. "ఈ అడ్రసు మీ ఇంటిదే కదా!"

డైరెక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "ఆరేళ్ళుగా ఇలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని మాకొక్క మాట చెప్పలేదేంటండీ? ఎక్కడుంటాడు?"

ఎవరూ లేరని చెబుదామనుకున్నాడు గుమాస్తా. "పై గదిలో," అని వచ్చింది నోట్లోంచి.

"బ్రహ్మాండం! పదకొండింటికి పరిశీలకుడు వస్తున్నాడు. అధ్యయనం ఉంచాలో మూసెయ్యాలో ఆయనే చెప్పాలి. మధ్యాహ్నం అందరం మీ ఇంటికి వెళ్దాం. ఇంతకీ మీరెందుకొచ్చారు?"

గుమాస్తా చేతిలో చీటీ చూసుకున్నాడు. "ఏంలేదు మేడమ్," అని దాన్ని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

పరిశీలకుడు పెద్దాయన, వైద్యుడు. జీవితంలో చాలా నివేదికలు చదివి అలిసిపోయిన మొహం. ఆయనకొక్కడికి చెప్పేస్తే పోతుందనుకుని వరండాలో గుమాస్తా ఆయన వెంటపడ్డాడు. "అయ్యా, ఒక చిన్న పొరపాటు..."

"పొరపాట్లు నేను క్షమిస్తానయ్యా," అన్నాడు పెద్దాయన నీరసంగా. "దొంగ జవాబులు క్షమించను. మొన్ననే ఒక కేంద్రంలో ఎవడో కూర్చున్న చోటే కూర్చుని జవాబులు రాసేశాడు. మూయించేసి వచ్చాను. నలభై మంది ఇళ్ళకి పోయారు. ఏదో అంటున్నారు?"

"కాఫీ తాగుతారా అని."

ఆరేళ్ళ పని, రెండువేల మంది చేతులు చాపి ఇచ్చిన రక్తం, ముప్ఫైమంది ఉద్యోగాలు, తనది ముప్ఫై ఒకటోది. అన్నీ ఒక లేని మనిషి మెడకి చుట్టుకున్నాయి. గుమాస్తా మెట్ల కిందకి వెళ్ళి ఇంటికి ఫోను చేశాడు.

"మీ తమ్ముడు లేచాడా?"

"పన్నెండేగా అయింది," అంది భార్య.

ఆ తమ్ముడు ఒక ఉద్యోగం మానేసి రెండోది వెతుక్కునే లోపు నాలుగు నెలలుగా వాళ్ళ పై గదిలో విశ్రాంతి తీసుకుంటున్నాడు. గుమాస్తా విషయమంతా గబగబా చెప్పాడు.

"మరి పన్నో?" అంది భార్య.

"ముందు వాణ్ణి లేపు."

తమ్ముడు ఫోను అందుకున్నాడు. "రోజుకి ఎనిమిది గంటల నిద్రేంటి బావా? అంత తగ్గించి రాశావేం?"

మూడింటికి కారు గుమాస్తా ఇంటి ముందు ఆగింది. డైరెక్టరమ్మ, లెక్కలమ్మాయి, పెద్దాయన మెట్లెక్కారు. వెనకాల గుమాస్తా, దవడ పట్టుకుని. పై గదిలో దుప్పటి మడత పెట్టి ఉంది, ఎన్నడూ లేనిది. బామ్మర్ది బనీను మీద చొక్కా వేసుకుని, ఒక చేతిలో ఆపిల్ పండు పట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. పండు అక్క ఇచ్చినది. కొరకమని ఆమె చెప్పలేదు గనక అతను కొరకలేదు.

"కాగితాల్లో యాభై రెండేళ్ళని ఉంది," అన్నాడు పెద్దాయన. "ముప్ఫై దాటినట్టు లేరే!"

గుమాస్తా కళ్ళు మూసుకున్నాడు. వయసు గడిలో తన వయసే వేశానన్నది ఇప్పుడు గుర్తొచ్చింది.

"చూశారా!" అంది డైరెక్టరమ్మ పొంగిపోతూ. "అలవాట్లండీ, అంతా అలవాట్లు!"

"రోజూ ఆరు కిలోమీటర్లు నడుస్తారట. ఏ వైపు వెళ్తారు?" అని అడిగాడు పెద్దాయన.

బామ్మర్ది బావ వైపు చూశాడు. బావ గోడ వైపు చూశాడు. "ఇంట్లోనేనండీ."

"ఈ గదిలోనా?"

"అటూ ఇటూ."

లెక్కలమ్మాయి ఆ ముక్క శ్రద్ధగా రాసుకుంది. "కోపం అస్సలు రాదా అండీ?"

"నాకు రాదండీ. మా అక్కకి వస్తుంది."

ఆ అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. అతిథులు వెళ్ళాక ఏమంటుందో గుమాస్తాకి కంఠతా వచ్చు. గోడ గడియారం మూడూ ముప్పావు చూపిస్తోంది. పన్ను కూడా టైము చూసుకున్నట్టు ఒక్క పోటు పొడిచింది.

అక్కడితో అయిపోతే బాగానే ఉండును. లెక్కలమ్మాయి సంచీలోంచి సూదీ గొట్టమూ తీసింది. చేరిన కొత్తలో రక్తం తీయడం కూడా నేర్చుకుందట, ఈ కాలం పిల్లలు దేన్నీ వదలరు. "ఎలాగూ వచ్చాం కదా సార్, ఒక్క గొట్టం."

ఆపిల్ పండు నేల మీద దొర్లింది. చూసేసరికి బామ్మర్ది మంచానికి అవతలి వైపున ఉన్నాడు. "బావా, సూది సంగతి నువ్వు చెప్పలేదు! అక్కా!" అని అరిచి, గోడకి ఆనుకుని, మెల్లగా కిందికి జారి, కళ్ళు తేలేశాడు.

అందరూ కలిసి అతన్ని మంచం మీదకి చేర్చారు, నీళ్ళు చల్లారు. పెద్దాయన అతని రెండు చేతులూ తిప్పి చూశాడు. "ఆరేళ్ళలో ఇరవై నాలుగుసార్లు రక్తమిచ్చిన మనిషి సూదికి మూర్ఛపోయాడు. పోయిన వారమే ఇచ్చాడని కాగితం చెబుతోంది. చేతి మీద చిన్న మచ్చయినా లేదు." ఆయన గొంతు పెంచలేదు. "గుమాస్తాగారూ, ఈయన మూడువందల పదమూడు కాడు."

"కాడండీ," అన్నాడు గుమాస్తా. ఆ మాట అనేశాక ఆయనకి ఎంతో తేలికగా అనిపించింది, నిలబడే ఓపిక కూడా పోయి తలుపు వారన స్టూలు మీద కూలబడ్డాడు. పాత డైరెక్టరు, గొట్టం, మొండి కంప్యూటర్, అన్నీ వరసగా చెప్పేశాడు. "అలాంటి మనిషి లేడండీ. జవాబులన్నీ నేనే రాశాను. మా ఆఫీసువాళ్ళకెవరికీ తెలీదు, తప్పంతా నాదే. ఉద్యోగం తీసేస్తే నాది తీసెయ్యండి."

డైరెక్టరమ్మ మంచం అంచున బామ్మర్ది కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. "ఆర్నెల్లు," అంది తనలో తనే. "మనిషే లేడా?"

"మనిషి లేకపోతే పోనీండి," అంది గుమ్మంలోంచి భార్య. "మరి ఆ రక్తం ఎవరిది?"

ఉదయం నుంచీ ఇంత చిన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. గుమాస్తా కూడా అడుక్కోలేదు. దొంగ జవాబుల దిగుల్లో పడి, రక్తం మాత్రం నిజమైనదన్న సంగతే మరిచిపోయాడు.

ఆమె వచ్చి మొగుడి ఎడమచేతి చొక్కా పైకి లాగింది. మోచేతి మడతలో వారం కిందటి మచ్చ నల్లగా ఉంది. "నిద్ర లేదండీ ఈయనకి. ఒక పక్కనే నములుతారు. మెట్లెక్కితే ఆయాసం. మూడేళ్ళుగా మొహం చూసి నేను చెప్తూనే ఉన్నాను. రక్తం పిండి చూస్తే గాని మీకు తెలీలేదా?" అంది. అది కోపం కాదు, భయం.

లెక్కలమ్మాయి మెల్లగా అంది. "సార్, వాపు ఎక్కువున్నవాళ్ళకి డాక్టర్ని కలవమని మనం ఉత్తరాలు పంపుతాం కదా. ఈ నంబరుకి కూడా వచ్చి ఉండాలే?"

"వచ్చాయమ్మా. పదకొండు."

"ఏం చేశారు?"

"అచ్చుతీసి పంపేది నేనేగా. లేని మనిషికి ఉత్తరమెందుకని సొరుగులో పెట్టాను."

పెద్దాయన లేచి స్టూలు దగ్గరికి వచ్చాడు. "నోరు తెరవండి," అని ఫోను దీపం వేసి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత డైరెక్టరమ్మని పిలిచి ఆమెకీ చూపించాడు. "ఇదిగోనమ్మా మీ తెలియని కారణం. చిగురంతా చీము. ఇది మూడేళ్ళుగా లోపల కుళ్ళుతుంటే రక్తంలో వాపు పెరగక ఏం చేస్తుంది? ఇదొక్కటేనా, ఇంకేమైనా ఉందా అన్నది పీకాక చూడాలి."

డైరెక్టరమ్మ గుమాస్తా మొహం వంక చూసింది, తీరిగ్గా, మొదటిసారి. ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది. ఆయన ఆమె గది గుమ్మం పక్కనే కూర్చుంటాడు, రోజుకి పది గంటలు. "నాకు సిగ్గుగా ఉందండీ," అంది.

"జవాబులు కొట్టేయండి. ఆ సంగతి నా నివేదికలో రాస్తాను, తప్పదు," అన్నాడు పెద్దాయన. "కాని మూయించను. మీ ల్యాబు నూటికి నూరుపాళ్ళు సరిగ్గా పనిచేసింది. ఒక మనిషి జబ్బుపడుతున్నాడని మూడేళ్ళుగా చెబుతూనే ఉంది. వినే దిక్కే లేకపోయింది."

డైరెక్టరమ్మ దంతవైద్యుడికి ఫోను చేసి టైము గంట జరిపించింది, అయిదింటికి ఆమెతో సహా కారు ఆయన గుమ్మం ముందు ఆగింది. పీకే ముందు ఒక గొట్టం రక్తం కావాలని లెక్కలమ్మాయి వెంట వచ్చింది, ఆయన నిజంగా లోపలికి వెళ్తాడో లేదో చూడాలని భార్య వచ్చింది. కౌంటరులో ఇచ్చిన కాగితంలో నిద్ర ఎన్ని గంటలన్న గడి ఉంది. గుమాస్తా అలవాటు కొద్దీ ఎనిమిది వేసి, భార్య చూస్తోందని గ్రహించి, కొట్టేసి మూడు వేశాడు.

లోపల్నుంచి పిలుపు వచ్చాక గుర్తొచ్చి, జేబులోంచి చీటీ తీసి డైరెక్టరమ్మకి అందించాడు. ఆమె మడతలు విప్పి శ్రద్ధగా చదివింది, కళ్ళజోడు సర్దుకుంది, ఎంతో ఆప్యాయంగా ఆయన భుజం తట్టింది.

"పూట సెలవు పన్నెండింటిలోపు అడగాలి కదండీ, రేపు వచ్చి కొత్త చీటీ రాసివ్వండి," అంది.