మామగారి కోటు గుండీలు

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారి యూనిఫాం కోటు ఇస్త్రీ చేసి, సాయంత్రం ఆయన్ని వెంటబెట్టుకుని మ్యూజియానికి వెళ్లడం, అంతే. మామగారు అక్కడ కాపలాదారు. ఆ రోజే ఆయన రిటైర్మెంటు. ఆ మ్యూజియంలో ఒక పద్ధతుంది: రిటైరయ్యే మనిషి అందరి ముందూ కోటు విప్పి, మడతపెట్టి, డైరెక్టరు చేతికి అప్పగించాలి. ఎప్పుడో ఒకాయన గుండీ ఊడిన కోటు అప్పగించాడట. ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నవ్వేవాళ్లలో మామగారే ముందుంటారు.

ఇస్త్రీపెట్టె కోటు మీద బాగానే నడిచింది. పై గుండీ మీద కూడా నడిచింది. గుడ్లగూబ బొమ్మ ఉన్న ఆ నల్ల ప్లాస్టిక్ గుండీ కరిగి, రూపురేఖలు లేకుండా పోయింది.

"ఇలాంటివి బజార్లో దొరకవండీ! మ్యూజియం వాళ్లు ప్రత్యేకంగా చేయించుకున్నవి" అంది భార్య నెత్తిన చెయ్యి పెట్టుకుని. "నాన్నకి ఏం చెప్తారు?"

"చెప్పే అవసరమే రాదు. రెండో గుండీకి సిలికాన్ రబ్బరుతో అచ్చు తీసి, అందులో రెజిన్ పోస్తాను, గట్టిపడితే ప్లాస్టిక్కే. కవల పిల్లల్లా ఉంటాయి, చూడు."

"ఫ్యాను రెగ్యులేటరు మీటకి కూడా ఇదే మాటన్నారు."

అల్లుడికి ఆ విద్య వచ్చు. రానిదల్లా ఓపిక. కప్పులో సగం సిలికాన్ పోసి, గుండీ కూర్చోబెట్టి, అది గట్టిపడ్డాక మిగతా సగం పోశాడు. రెండు సగాలూ అతుక్కోకుండా మధ్యలో వాసలైన్ రాయాలన్న సంగతి, అంతా అతుక్కుపోయాక గుర్తొచ్చింది. గుండీ లోపల బందీ అయిపోయింది. చాకు పెట్టి కోస్తే అచ్చుతోపాటు గుండీ కూడా రెండు ముక్కలైంది.

మూడో గుండీ తీసుకున్నాడు. ఈసారి వాసలైన్ ఎంత పూశాడంటే తలుపు గడియ కూడా చేతికి చిక్కలేదు. అచ్చు చక్కగా వచ్చింది. నల్ల రెజిన్ పోస్తే గుడ్లగూబ కళ్లతో సహా దిగింది. తీరా చూస్తే కొత్త గుండీలు నిగనిగలాడుతున్నాయి, పాతవి వెలిసిపోయి ఉన్నాయి.

"నాలుగూ కొత్తవే పోసేస్తే గొడవ వదిలిపోతుంది" అన్నాడు.

"పూర్తిగా గట్టిపడాలంటే రేపటిదాకా ఆగాలని సీసా మీద రాసుందండీ!"

"సీసాకేం తెలుసు మన తొందర?"

గుండీలు వేళ్లకి అంటుకుంటున్నా భార్య వాటిని కోటుకి కుట్టింది. అతను హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని గుండీలకి వేడిగాలి కొడుతుంటే మామగారు గదిలోకి వచ్చారు. మెరుస్తున్న గుండీలు చూసి ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

"పాలిష్ పెట్టావా అల్లుడూ? నా కోటు మీద నాక్కూడా ఇంత శ్రద్ధ లేదయ్యా!" అంటూ తొడుక్కుని, గుండీలన్నీ పెట్టేసుకున్నారు.

"అక్కడికెళ్లాక వేసుకోండి మామయ్యా, ఉక్కగా ఉంది."

"ఈ ఒక్క పూటేగా! మళ్లీ ఇది నాకు దొరకదు."

అల్లుడు నిజం చెప్పేద్దామనుకున్నాడు కానీ, ఆ ముఖం చూశాక మనసొప్పలేదు.

సాయంత్రం హాలు నిండిపోయింది. డైరెక్టరు రెండు చేతులూ చాచాడు. మామగారు పై గుండీ పట్టుకున్నారు, రాలేదు. రెండోది లాగారు, అదీ కదల్లేదు. రెజిన్ ఇంతలో కాజాల్ని పట్టుకుని రాయిలా బిగిసిపోయింది. ఆయన ముందు వరసలోని అల్లుడి వైపు చూశారు. అల్లుడు పైకప్పు చూస్తున్నాడు.

మామగారి చెంపల మీదుగా చెమట ధారగా కారింది.

"పాపం, ఏడుస్తున్నాడు. విప్పడానికి చేతులు రావడం లేదు" అన్నారెవరో వెనకనుంచి.

హాలంతా ముక్కులు ఎగబీల్చిన చప్పుడు. డైరెక్టరు కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇంత ప్రేమించిన మనిషి ఒంటి మీంచి కోటు లాక్కోవడం మనకి తగదు. ఇది ఆయనకే! ఇకమీదట ఎవరూ కోటు అప్పగించక్కర్లేదు!"

చప్పట్లు ఆగలేదు. మామగారికి అప్పుడు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ కోటు ఉంచుకోవాలని ఆయనకి ఎన్నేళ్లుగానో ఆశ, అడగడానికే మొహమాటం. మెట్లు దిగుతూ అల్లుడి భుజం మీద చెయ్యి వేశారు. అల్లుడు తల వంచుకుని జరిగిందంతా చెప్పేశాడు. ఆయన కోప్పడలేదు.

"కోటు నాదయింది, సంతోషమే అల్లుడూ. ఇక ఇందులోంచి నేను బయటికొచ్చే దారి చూడు."