పన్నెండు ఒకటో నంబరు లైట్లు

నాగరికత అంటే ఏమిటో లోకం ఇంకా తేల్చుకోలేదు. పెరూ దక్షిణపు కొండమీది ఊరు శాంతా ఎఫిహేనియా పురపాలక సంఘం మాత్రం పోయిన మార్చిలోనే తేల్చేసింది: వేదిక మీద లైటు ఎటు చూడాలో లైటుకు తెలియకూడదు, లైటు వేసేవాడికి అసలే తెలియకూడదు.

ఆ వేసేవాడు కాసియానో ఉమిరే. ఊరి నాటకశాలలో ఇరవై రెండేళ్లుగా లైట్లు వేస్తున్నాడు. అందుకని తల తిరిగే కొత్త లైట్లు కొనే కమిటీలో అతనికి చోటు దొరకలేదు (పని తెలిసినవాడు పక్షపాతం చూపిస్తాడట). చోటు దొరికినవాళ్లు ముగ్గురు: పశువుల డాక్టరు, శ్మశానాల అధికారి, ఒక లాయరు.

కాసియానో ఆరు లైట్లు కావాలని రాసిచ్చాడు. మనిషి ముఖం మీద మెత్తగా పడేవి, లోపలి ఫ్యాను మోతతో పాటను మింగెయ్యనివి. అక్క కోసమని మాత్రం రాయలేదు. అక్క మెల్చోరా ముప్పై ఏళ్లుగా సంతలో బంగాళాదుంపల బస్తాల మధ్య నిలబడి వైనో అనే కొండ జానపదాలు పాడుతోంది. తల్లి పోయాక తమ్ముణ్ని ఆ పాటలతోనే పెంచింది. ఊరి వార్షికోత్సవంలో వేదిక ఎక్కి ఒక పాట పాడమని ఈ ఏడే మొదటిసారి పిలుపొచ్చింది.

"నువ్వు తెర పక్కనుంచి అడుగు బయట పెట్టిన దగ్గర్నించీ ఒక లైటు నీ వెంటే నడుస్తుందక్కా. ఆఖరి వరుసవాడికి కూడా నీ ముఖం కనపడాలి."

"నా ముఖం చూసి ఏం చేస్తార్రా, పళ్లు లెక్కపెడతారా?" అంది మెల్చోరా. మర్నాడు పొద్దున్నే మాత్రం పెట్టె అడుగునుంచి ఎర్ర కుచ్చుల లంగా తీసి ఎండలో వేసింది.

కమిటీ పని చురుగ్గా సాగింది. శ్మశానాల అధికారి కంపెనీ కాగితం చదువుతూ ఆగాడు. "ఈ తల ఒకటిన్నర చుట్టు తిరుగుతుందట. ఒక చుట్టు చాలదూ? మిగతా సగం ఎవడి కోసం?"

"నడిచే మనిషి వెంట పోతూ పోతూ మధ్యలో ఆగిపోకుండా సార్," అన్నాడు కాసియానో గుమ్మం బయటనుంచి.

"నువ్వు కమిటీలో లేవు," అని లాయరు గుర్తుచేశాడు.

పశువుల డాక్టరు నమూనా లైటు మెడ పట్టి అటూ ఇటూ వంచి, 'మందలో కలపవచ్చు' అని రాశాడు. కొన్నది ఆరు కాదు, పన్నెండు. పక్క ఊళ్లో పది ఉన్నాయి మరి. ఫ్యాన్లు మాత్రం పిండిమరలా మోగుతాయి.

ఆ ఎత్తుల్లో కొత్త బస్సుకైనా, రొట్టెల పొయ్యికైనా, ఫుట్‌బాల్ గోలు స్తంభానికైనా, బాప్తిస్మంలో పసిబిడ్డకు నిలబడినట్టు, జ్ఞానతండ్రో జ్ఞానతల్లో నిలబడితే తప్ప బతుకు మొదలవదు. పన్నెండు లైట్లకు పన్నెండు మంది నిలబడ్డారు. మేయరు, జడ్జిగారి భార్య, బ్యాంకు మేనేజరు, అలా కిందికి. రిబ్బన్లు కట్టారు, రంగు కాగితపు ముక్కలు చల్లారు, బీరు చిలకరించారు (ఒక లైటు భక్తి ఎక్కువై గట్టిగానే తాగింది. అప్పటినుంచి నీలం అడిగితే పచ్చ ఇస్తోంది).

ఇక మర్యాదల శాఖ అధిపతి ఎర్మోహెనెస్ సాపానా రంగంలోకి దిగాడు. అతణ్ని లిసెన్సియాదో అనాలి (పట్టా ఉన్నవాణ్ని అలా పిలుస్తారు. లేనివాణ్ని ఇంకాస్త గట్టిగా పిలుస్తారు). నలుగురిలో జ్ఞానపుత్రుడు జ్ఞానతండ్రికి వీపు చూపించడం అవమానమని సాపానా ఉత్తర్వు వేశాడు. జ్ఞానతల్లిదండ్రులు కూర్చునేది మొదటి వరుసలో కనుక లైట్లన్నీ మొదటి వరుసనే చూస్తూ ఉండాలి. ఏ లైటైనా తల తిప్పాలంటే దాని పెద్దదిక్కు సంతకంతో ఫారం పెట్టాలి. ఎన్ని డిగ్రీలు, ఎందుకు, ఎంతసేపు, అన్నీ రాయాలి. ఎడమకైతే లాయరు అభిప్రాయం జతచేయాలి (ఎన్నికల ఏడాది).

తర్వాత నంబర్ల గొడవ వచ్చింది. కంట్రోల్ బోర్డు ఒక్కో లైటునూ దాని నంబరుతో పిలుస్తుంది. మేయరుగారి లైటు ఒకటి. రెండంటే జడ్జిగారి భార్య లేచి వెళ్లిపోయింది. పన్నెండు ఎవరికీ అక్కర్లేదు. మూడు సమావేశాల తర్వాత సాపానా పరిష్కారం కనిపెట్టాడు: అన్నీ ఒకటో నంబరే. ఎవరి లైటూ మూలన ఉండకూడదని అన్నిటినీ వేదిక మధ్యలో ఒకే పైపుకి గబ్బిలాల్లా కిక్కిరిసి వేలాడదీశారు.

"లిసెన్సియాదో గారూ, అలాగైతే ఒకదాన్ని పిలిస్తే పన్నెండూ పలుకుతాయి," అన్నాడు కాసియానో.

"దాన్నే ఐకమత్యం అంటారు."

"ఒకటి తల తిప్పితే పన్నెండూ తిప్పుతాయి సార్."

"అందుకే ఎవడూ తిప్పడు."

కాసియానో ఫారం పట్టుకుని తిరిగాడు. పదకొండు తలుపులు పరిశీలిస్తామన్నాయి. పన్నెండోది సంత అమ్మకందార్ల సంఘం కార్యదర్శి దోన్యా ప్రిమితీవాది.

"మెల్చోరా కోసమా? తీసుకుపో నాయనా నా లైటు. నా మొహం ఊరంతా రోజూ చూస్తూనే ఉందిగా," అని ఉల్లిపాయల చేత్తోనే సంతకం పెట్టింది.

ఉత్సవం రోజు సాయంత్రం ఏడింటికి మొదలైంది. హాజరైన పెద్దలను పేరుపేరునా పలకరించడానికి గంటా పది నిమిషాలు పట్టింది. పన్నెండు లైట్ల వెలుగులో మొదటి వరుస చెమటతో, గౌరవంతో మెరిసిపోయింది. ఆ తర్వాత మెల్చోరాను పిలిచారు. చిమ్మచీకటి వేదిక మీద చెప్పుల చప్పుడు మాత్రం వినిపించింది.

"వచ్చావా అమ్మా?" అని వెనకనుంచి ఎవడో అరిచాడు.

"తడుముకుంటూ వస్తున్నానయ్యా! అంచు ఎక్కడుందో మీరైనా చెప్పండి!"

హాలంతా నవ్వింది. కాసియానో నవ్వలేదు. ఒక్క సంతకమున్న ఫారం బోర్డు మీద పెట్టి ఒకటో నంబరు తిప్పాడు.

పన్నెండు తలలూ ఒక్కసారిగా తిరిగాయి. ఎర్ర లంగా భగ్గుమంది.

"ఒరేయ్ కాసియానో, కళ్లు పోతాయిరా!" అంది మెల్చోరా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, మైకులోనే. ఆపైన చెయ్యి దించి, గడ్డం ఎత్తి, ఫ్యాన్ల మోతను మించి పాడింది. ముడతలు, బంగారు పన్ను, కంటి కొనన తడి, అన్నీ ఆఖరి వరుసదాకా కనిపించాయి.

సాపానా చీకట్లో కుర్చీలు తన్నుకుంటూ వచ్చాడు. "మేయరుగారు చీకట్లో ఉన్నారు!"

"పాట వింటున్నారు సార్."

"చీకట్లో వింటే, విన్నట్టు ఎవడికి తెలుస్తుంది? తిప్పు!"

"నా దగ్గర సంతకం ఉంది."

"ఒక్క లైటుకి!"

"ఒకటో నంబరుకే కద సార్."

పాట అయ్యేదాకా కాసియానో బోర్డు మీద చెయ్యి తియ్యలేదు.

అతని మీద ఏ చర్యా తీసుకోలేదు. పెద్దల మీద వెలుతురు లేని సమయాన్ని ఏమనాలో నిబంధనల్లో ఒక్క మాటే ఉంది: కరెంటు కోత. కోతకు ఎవరూ బాధ్యులు కారు. అలాగని రాసిన నివేదిక మీద పదకొండు సంతకాలు అరగంటలో పడ్డాయి. పన్నెండోది అవసరం లేదన్నారు (కరెంటు లేని సమయంలో దోన్యా ప్రిమితీవా చప్పట్లు కొట్టినట్టు రుజువైనందున ఆమె సాక్ష్యం చెల్లదు). మొదటి వరుసను మాత్రమే తీయాలని ఉత్తర్వున్న ఫోటోగ్రాఫరు ఆ నాలుగు నిమిషాల్లో తొమ్మిది నల్లటి ఫోటోలు తీశాడు. వాటిని పేర్లతో సహా ఆల్బంలో అంటించారు.

వేదిక మీద పాడినట్టు ఒక కాగితం ఇమ్మని మెల్చోరా అడిగింది. మూడు వారాలకు జవాబొచ్చింది. బంగాళాదుంపల బస్తా మీద కూర్చుని కాసియానో ఆమెకు చదివి వినిపించాడు:

"సదరు రోజున 8:14 నుండి 8:18 వరకు కరెంటు లేనందున వేదికపై ఏ కార్యక్రమమూ జరగలేదని తెలియజేయడమైనది. తమకు ఆసక్తి ఉన్నచో వచ్చే ఏడాది 'కొత్త గొంతులు' విభాగంలో దరఖాస్తు చేసుకొనవచ్చును. ముఖము స్పష్టముగా కనిపించు ఫోటో ఒకటి, వేదికపై తీసినది, తప్పక జతపరచవలెను."